స్టీరింగు మీద ప్రార్థన

చర్చి యువజనుల సేవాయాత్రకు వ్యాను తోలే పెద్దాయనకు వాళ్ల పాటలన్నీ కంఠతా వచ్చు. ఐదు రోజులుగా వాళ్లు ఊరూరా బడిగోడలకు సున్నాలేసి, బండెక్కగానే ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. ఆయన మాత్రం తడి తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ తోలుతూనే ఉన్నాడు. ఈ పొద్దున బండి రోడ్డు దిగబోయింది కూడా. మధ్యాహ్నం బయల్దేరే ముందు అందరూ తలలు వంచితే, ఆయనా స్టీరింగు మీద తల వాల్చాడు. పక్క సీట్లోని పాస్టరమ్మ ఆమేన్ అన్నా ఆ తల లేవలేదు. "పెద్దాయన ఇంకా ప్రార్థనలోనే ఉన్నాడు, ఎవరూ మాట్లాడకండి," అందామె మెల్లగా. పిల్లలు భక్తిగా మళ్లీ కళ్లు మూసుకున్నారు. అరగంటకి ఆయన ఉలిక్కిపడి లేచి, అద్దంలో వంగిన తలలన్నీ చూసి, గొంతు సవరించుకుని "ఆమేన్" అన్నాడు. బండి తీయబోతే తాళంచెవి లేదు. అది పాస్టరమ్మ గుప్పిట్లో ఉంది. "ఇంకో అరగంట చేసుకోండి," అందామె.