అన్నమ్మవ్వకు నేనిచ్చిన అప్పం

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఈ రోజు కూడా వానల గురించి నాలుగు మాటలు మాట్లాడి లేచి వెళ్లిపోయేవాణ్ణి. అట్లా ఎన్నిసార్లు లేచి వెళ్లిపోయానో నాకే లెక్క లేదు.

నేను ఉపదేశిని. అంటే ఫాదర్ లేని ఊళ్లో ఫాదర్ పనుల్లో సగం చేసేవాణ్ణి. జపాలు చెప్పించడం, పిల్లలకు పాఠాలు, ఎవరైనా పోతే సమాధి దగ్గర ప్రార్థన. మా ఊరు కల్వకుర్తి అవతల, పెద్దరోడ్డు నుంచి అర మైలు లోపలికి ఉంటుంది. కథోలిక కుటుంబాలు చాలా తక్కువ. పెంకుల కప్పుతో చిన్న చర్చి. ఫాదర్ నెలకొకసారి వచ్చి పూజ చేసేవారు. మిగిలిన ఆదివారాలు నేను బస్సెక్కి టౌనుకు పోయి, పూజ విని, మంచం పట్టినవాళ్ల కోసం దివ్యసత్ప్రసాదం తెచ్చేవాణ్ణి. ఫాదర్ దాన్ని చిన్న ఇత్తడి డబ్బీలో పెట్టి, ఆ డబ్బీని తెల్లగుడ్డ సంచిలో వేసి, తన చేత్తోనే నా మెడలో తగిలించేవారు.

మా విశ్వాసం తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెప్పాలి. పూజకు ముందు అది గోధుమపిండి అప్పం, కాగితమంత పలచన. పూజలో ఫాదర్ ‘ఇది నా శరీరం’ అన్న ప్రభువు మాటలు పలికాక అది ఇక అప్పం కాదు, ప్రభువు శరీరం. ఈ తేడాను పిల్లలకు బెత్తం పట్టుకుని నేర్పించింది నేనే. నా తప్పంతా ఈ తేడాలోనే ఉంది.

ఆ సంచి మెడలో ఉంటే మాట్లాడకూడదు. ఎక్కడా ఆగకూడదు, చాయ్ తాగకూడదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నేను సంచితో వస్తుంటే మా ఆడవాళ్లు కొంగు తల మీదికి లాక్కునేవాళ్లు. కిరాణా కొట్టు చాంద్‌పాషా రేడియో ఆపి లేచి నిలబడేవాడు. అది తన మతం కాదు కదా అని ఎవరో అంటే, "దేవుడు పోతుంటే కూసోని చూస్తమా?" అన్నాడట. నిజం చెప్పాలంటే ఆ నిలబడటం నాకు చాలా బాగుండేది. వాళ్లు లేచింది సంచికి. నేను మాత్రం నాకే అనుకున్నాను.

నేను తప్పు చేసిన ఆ ఏడు మంచం మీద ఉన్నది ఒక్క అన్నమ్మవ్వే. ఒక కాలు, ఒక చెయ్యి పడిపోయాయి. కొడుకు పోయాడు, కోడలు లూర్దమ్మే అన్నీ చూసుకునేది. శనివారం రాత్రి అన్నం తిన్నాక, మళ్లీ సత్ప్రసాదం అందేదాకా అవ్వ చుక్క నీళ్లు నోట్లో పోయనిచ్చేది కాదు. గంట ముందు మానేస్తే చాలని ఫాదర్ చెప్పినా వినలేదు. "గంత పెద్దోడు ఇంటికొస్తుంటే నేను తిని కూసుంటనా?" అనేది. ఆదివారం మధ్యాహ్నం దాకా ఎండిన నోటితో తలుపు వైపు చూస్తూ పడుకునేది.

ఇక నా సంగతి. ఊరికంతటికీ అప్పుడు ఒకటే టీవీ, చాంద్‌పాషా ఇంట్లో. ఆదివారం పొద్దున ఒక పురాణం సీరియల్ వచ్చేది. ఊరు ఊరంతా ఆయన వాకిట్లోనే. సీరియల్ వేళ, నా బస్సు వేళ ఒక్కటే. మావాళ్లు కొందరు జపం ఎగ్గొట్టి అక్కడికి పోతున్నారని నేను చర్చిలో నిలబడి గట్టిగా తిట్టాను. ఆ డబ్బా ముందు కూర్చుంటే మోక్షం రాదన్నాను. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా?

ఆ తప్పు జరిగిన ఆదివారానికి ముందు వారం నాకు జ్వరం, టౌనుకు పోలేదు. ఆ ఆదివారం బస్సుకని బయలుదేరి ఆ వాకిలి ముందు నుంచి పోతున్నాను. లోపల శంఖం మోగింది. యుద్ధం మొదలవుతుందని వారమంతా ఊళ్లో ఒకటే చర్చ. రెండు నిమిషాలు చూసి పోదామనుకున్నాను. గోడ పక్కన, ఎవరి కంటా పడకుండా నిలబడ్డాను. చాంద్‌పాషా ఒక్కడే చూసి, అందరి వెనక చాప జరిపాడు. మిగతావాళ్ల కళ్లు టీవీ మీదే. కూర్చున్నాను. బస్సు హారను వినబడలేదా? వినబడింది. వినబడలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

అప్పుడైనా ఏం మునిగిపోయింది? అవ్వ దగ్గరికి పోయి, బస్సు తప్పిందవ్వా, నీళ్లు తాగు అంటే అయిపోయేది. ఎట్లా తప్పింది అని లూర్దమ్మ అడుగుతుంది. సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. వచ్చే వారం నేను చర్చిలో నిలబడితే ముందు వరసలోనే నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడ్డాను. దేవుడికి అంత భయపడలేదు.

నెలపూజ కోసం టౌను కాన్వెంటు సిస్టర్లు ఇచ్చిన అప్పాల పొట్లం చర్చి బీరువాలో ఉండేది. పూజలో పెట్టనివి. ఉత్త పిండివి. తలుపు దగ్గరేసుకుని పొట్లం విప్పాను. ఒకటి తీసి, టౌనుకని వెంట తెచ్చుకున్న ఖాళీ డబ్బీలో పెట్టాను. వచ్చే ఆదివారం నిజమైనది తెస్తాను కదా, ఈ ఒక్కసారికే కదా అనుకున్నాను. తర్వాత ఏం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. చేనుగట్ల మీదుగా పెద్దరోడ్డు దాకా పోయి, మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయేదాకా తుమ్మచెట్ల వెనక కూర్చుని, దాంట్లోంచి దిగినవాడిలాగా ఊళ్లోకి నడిచాను. సంచి మెడలో వేసుకుని. మాట్లాడకుండా.

ఆడవాళ్లు కొంగులు కప్పుకున్నారు. చాంద్‌పాషా రేడియో ఆపి లేచి నిలబడ్డాడు. పొద్దున నాకు చాప జరిపిన మనిషే. తర్వాత ఏ జీపో ఎక్కి పోయి ఉంటాననుకున్నాడేమో. ఏమీ అడగలేదు. సంచినే చూశాడు.

లూర్దమ్మ కొవ్వొత్తి వెలిగించి పెట్టింది. అవ్వను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. నేను జపాలన్నీ చెప్పాను, ఒక్కటీ వదలలేదు. నువ్వు నా ఇంటికి రావడానికి నేను తగను ప్రభువా అని అవ్వ మంచి చేతితో గుండె మీద కొట్టుకుంది. అప్పం పైకెత్తాను. "క్రీస్తు శరీరం" అన్నాను. నా నోటితోనే అన్నాను. "ఆమెన్" అని అవ్వ నోరు తెరిచింది. ఎండిన నాలుకకు అది అంటుకుపోయింది. మింగడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ కళ్లు మూసుకునే ఉంది. నేను కొవ్వొత్తి వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత కళ్లు తెరిచి ఎప్పుడూ అడిగేదే అడిగింది. "ఇయ్యాల ఫాదరు ఏం జెప్పిండు బిడ్డా?"

పూజకు పోతే కదా ప్రసంగం వినడానికి. "గదే అవ్వా... ఎదురుచూసేటోళ్ల గురించి జెప్పిండు" అన్నాను.

"ఏమన్నడు?"

"ఎదురుచూసేటోళ్ల ఇంటికి ప్రభువే నడిచొస్తడు, జర ఆలస్యమైన సరే వస్తడు అన్నడు."

"నిజమే జెప్పిండు," అంది అవ్వ. "పోయినారం నువ్వు రాకపోతే ఇగ రాడేమో అని ఫికర్ జేసిన. వచ్చిండు. గింత ఎండల వచ్చినవ్, నీ నోరు గూడ ఎండిపోయింది. లూర్దమ్మా, ఉపదేశికి మంచినీళ్లియ్యి. నాకు తర్వాత."

ఆ నీళ్లు తాగాను. ఆమెకంటే ముందు తాగాను.

గురువారం తెల్లవారుజామున అన్నమ్మవ్వ చనిపోయింది.

ఆ తర్వాతది ఇంకా ఘోరం. సమాధి రోజున ఫాదర్ వచ్చి, చివరి ఆదివారం కూడా ప్రభువును స్వీకరించి పోయిన పుణ్యాత్మురాలు అన్నారు. జ్వరం నుంచి లేచిన మనిషి ఎండలో పోయి తెచ్చి ఇచ్చాడని నన్ను మెచ్చుకున్నారు. ఫాదర్‌కు లూర్దమ్మ చెప్పింది. ఆ ఆదివారం ఆయన వేరే ఊళ్లో ఉన్నారు, టౌనులో ఇంకో ఫాదర్ పూజ చేశారు, కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. తల వంచుకున్నాను. అణకువ అనుకున్నారు.

పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పుకోవచ్చు కదా అంటారు. అల్లిక తెరకు అవతల కూర్చుని వినేది ఆ ఫాదరే. నా గొంతు ఆయనకు తెలుసు. కోపం చెప్పాను, అబద్ధం చెప్పాను, ఇది తప్ప అన్నీ చెప్పాను. ఇది దాచాక మిగిలినవి చెప్పి ఏం లాభం? మనసులో పాపం పెట్టుకుని సత్ప్రసాదం తీసుకుంటే శిక్షను తిన్నట్టేనని పిల్లలకు నేర్పినవాణ్ణి. తీసుకోకుండా బల్లమీదే కూర్చుంటే, ఉపదేశి ఎందుకు లేవలేదని అందరూ తిరిగి చూస్తారు. అందుకని లేచాను. ప్రతిసారీ వరసలో నిలబడి నోరు తెరిచాను. ఆమె నమ్మి పిండిని తిన్నది. నేను నమ్మి, భయపడి, ప్రభువునే అబద్ధంతో కలిపి తిన్నాను. మా ఇద్దరిలో ఎవరికి అందినట్టు? దేవుడు ఆమెను ఒట్టి చేతులతో పంపి ఉండడని అనుకుంటాను. అట్లా అనుకోవడం కూడా నా సుఖం కోసమేనా? తెలియదు. నాకు నిజంగా తెలియదు.

చేతులు వణుకుతున్నాయని చెప్పి కొన్నేళ్ల కింద డబ్బీ తిరిగి ఇచ్చేశాను. అప్పటి నుంచి సిస్టర్లే తెస్తున్నారు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఇప్పుడు లూర్దమ్మ మంచం పట్టింది. దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పోయిన వారం చూడటానికి పోతే నా చెయ్యి పట్టుకుంది. "అన్నా, సిస్టర్లు వద్దు. మా అత్తకిచ్చిన చేత్తోనే నాకు ఇయ్యి" అంది. నేను సరే అన్నాను. ఇంకేమనగలను? కొత్త ఫాదర్ సంతోషంగా డబ్బీ ఇచ్చారు.

ఈ రోజు ఆదివారం. ఇంకో గంటలో బస్సు. అక్కడ లూర్దమ్మ కూడా అత్తలాగే రాత్రి నుంచి నీళ్లు మానేసి ఉంటుందని నాకు తెలుసు. ఈసారి నిజమైనదే తెస్తాను. కాని ఆ చెయ్యి ఎట్లాంటిదో ఆమెకు తెలియాలి. డబ్బీ విప్పకముందే చెప్తాను. మీ అత్తకు నేనిచ్చింది ఉత్త పిండి అప్పం లూర్దమ్మా అని. విన్నాక నోరు తెరుస్తుందో, గోడవైపు తిరుగుతుందో. గోడవైపు తిరిగితే సిస్టర్లను పిలుచుకొచ్చి, నేను వాకిట్లో నిలబడతాను.

మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. క్షమించాల్సినామె చర్చి వెనక మట్టిలో ఉంది. అయినా ఆ మాట కాగితం మీద పెట్టాక గొంతులో కాస్త గాలి ఆడుతోంది. ఇది నిద్రలో కూడా నా నోట రాని మాట. పక్కన లోటాలో నీళ్లున్నాయి. దాహంగా ఉంది. తాగను. ఈసారి ముందు లూర్దమ్మ తాగాలి.