చాయ్‌తో మింగించిన ఐరన్ మాత్రలు

కోఠీలో డిగ్రీ చదివే మా అమ్మాయి పోయినేడు కాలేజీ ఖోఖో జట్టుకి ఎంపికైంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిది అని తేలేసరికి, పది దాటితే తప్ప ఆడనివ్వనంది గేమ్స్ మేడమ్. నేను ఊరుకుంటానా? ఫోన్ చేసి కడిగేశాను.

"మా ఇంట్లో తిండికేం తక్కువండీ? పప్పు, గోంగూర, గడ్డపెరుగు!"

"ఉంటే సరిపోదమ్మా, పిల్ల తినాలె గదా," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

నాంపల్లి దవాఖానలో ఐరన్ మాత్రలిచ్చారు. పరగడుపున మింగితే వికారమని పిల్ల గోల. అందుకని రోజూ మాత్రతో పాటు నేనే చిక్కటి చాయ్ అందించేదాన్ని. రెండు నెలలు ఒక్కరోజు తప్పలేదు. మళ్లీ పరీక్ష చేయిస్తే ఎనిమిదీ పాయింట్ రెండు! పోటీలకింక నెలన్నరే ఉంది. పిల్ల ముఖం ముడుచుకుని నాతో మాట మానేసింది.

దాన్ని వెంటబెట్టుకుని దవాఖాన మీదికి యుద్ధానికి వెళ్లాను.

"ఇవి మందులా, సుద్దముక్కలా?"

నర్సమ్మ తాపీగా అడిగింది. "గోలీ దేంతోని ఏస్తున్నవమ్మా?"

"చాయ్‌తో. అల్లం కూడా దంచి వేస్తాను."

"ఇంకేం పనిజేస్తది? చాయ్ తాగితే గోలీల ఐరన్ ఒంటికి పట్టది. నిమ్మకాయ నీళ్లతోని ఇయ్యి. చాయ్ రెండు గంటలైనంక తాగాలె."

ఓడిపోవడం నాకు అలవాటు లేదు. "ముప్పై ఏళ్లుగా చాయ్ మీదే బతుకుతున్నాను, నాకేమైంది?" అన్నాను.

"ఏం గాలేదా? గీ నాలుగు మెట్లకే గంత ఆయాసమైతున్నది! జర వేలియ్యి."

పొడిచి చూసింది. ఏడున్నర! ఆబిడ్స్‌లో మా మూడో అంతస్తు ఎక్కలేక, మెట్లు ఎత్తుగా కట్టించాడని ఇంటి ఓనర్ని ఇన్నేళ్లూ ఊరికే తిట్టుకున్నాను.

"మా ఇంట్లో తిండికేం తక్కువండీ?" అంది మా అమ్మాయి, అచ్చం నా గొంతుతో. మూడు రోజుల తర్వాత అది నోరు విప్పింది ఇందుకు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాత్రలు, ఇద్దరికీ నిమ్మకాయ నీళ్లు. పోటీల ముందు దానికి పదీ పాయింట్ ఒకటి వచ్చింది. ఆ ఒకటి చాలు.

ఆట చూడ్డానికి ఫ్లాస్కు నిండా చాయ్ పట్టుకెళ్లాను. మైదానంలోకి దిగబోతూ మా అమ్మాయి వెనక్కి వచ్చింది.

"మాత్రెప్పుడు వేసుకున్నావమ్మా?"

"ఇందాకే."

ఫ్లాస్కు లాక్కుని గేమ్స్ మేడమ్ చేతిలో పెట్టి పోయింది. నేను ఫోన్లో కడిగేసిన ఆవిడ నా పక్కనే కూర్చుని, నా అల్లం చాయ్ రెండు కప్పులు తాగింది.

"మంచిగుందమ్మా," అంది.