కంప్యూటర్ పేషెంటు వేసిన మార్కులు

కొత్తొక వింత అంటారు. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. నేను ఖమ్మంలో బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పే రోజులవి. మా కంప్యూటర్ సారు ఒక ప్రోగ్రాం రాశాడు. అందులో కంప్యూటరే పేషెంటు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తే జవాబిచ్చేది. పనికొచ్చే ప్రశ్నకు మార్కు వేసేది, పనికిరాని దానికి కోసేది. దాన్ని ఆయన కృత్రిమ మేధ అనేవాడు, అన్నప్పుడల్లా కాలరు సర్దుకునేవాడు. నేనూ తక్కువ తినలేదు. ఇంటర్నల్ మార్కులు ఇక దీంతోనే వేద్దామని, దీనికి పక్షపాతం ఉండదని ప్రిన్సిపాల్‌కు రాసిచ్చాను.

పిల్లలు రెండు రోజుల్లో కిటుకు పట్టేశారు. జ్వరం ఎన్ని రోజులు, చలి ఉందా, వాంతులు ఉన్నాయా అని టకటకా కొట్టి ఐదు నిమిషాల్లో మలేరియా తేల్చేవాళ్లు. ఒక్క అమ్మాయి దగ్గరే బండి ఆగింది. భద్రాచలం అవతల అడవిలో వాళ్ల ఊరు. అక్కడి నుంచి డిగ్రీకి వచ్చిన మొదటి పిల్ల. ఇందులో తప్పితే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఇంటికొచ్చెయ్యమని వాళ్ల నాన్న ముందే చెప్పి పంపాడు.

పరీక్ష రోజు ఆమె వెనక నిలబడి చూశాను. "బాగున్నవా తాతా" అని కొట్టింది. ప్రశ్న అర్థం కాలేదంటూ కంప్యూటరు ఒక మార్కు కోసింది. "తిన్నవా?" ఇంకో మార్కు పోయింది. "ఏం కూర?" నాకు ఒళ్లు మండింది.

"అది అన్నం తినదమ్మా, కంప్యూటరు."

"పేషెంటని చెప్పిండ్రు కద మేడం," అంది భయపడుతూనే. "మా దిక్కు తిన్నవా అని అడగకుండ రోగం అడగరు."

పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె ఫెయిలైంది.

వారం తిరక్కుండానే పిల్లలందరినీ తీసుకుని అటవీ పల్లె ఒకదానికి ఫీల్డు పోస్టింగుకు వెళ్లాం. ఒక ఇంట్లో ముసలాయన మంచం మీద ముడుచుకుని పడుకున్నాడు. ఎలా అడగాలో పిల్లలకు చూపిద్దామని నేనే ముందుకెళ్లి, కంప్యూటరు మెచ్చే వరసలో మొదలుపెట్టాను. జ్వరమా? లేదు. చలి? లేదు. వాంతులు? లేవు. నా లెక్కన ఆయనంత ఆరోగ్యవంతుడు జిల్లాలోనే లేడు.

ఆ అమ్మాయి నన్ను దాటుకుని వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. "తిన్నవా తాతా?"

"ఏం తింట బిడ్డా. రెండు దినాలాయె, నోటికి సయిస్తలేదు."

"పొద్దుగూకితే వణుకొస్తుందా?"

"అవ్. దుప్పటి కప్పినా ఆగుతలేదు."

"మరి మేడం అడిగితే లేదన్నవేంది?"

"ఉందంటే సూదేస్తరు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి ఆ సూదికీ ఆమే ఒప్పించింది. వేలి మీద గుచ్చి రక్తం తీసి పరీక్షకు పంపాం. మలేరియానే.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి వెళ్లి ఆ అమ్మాయి మార్కులు మార్చాలన్నాను. ఆయన నేను రాసిచ్చిన కాగితాన్నే తీసి నా ముందు పెట్టాడు.

"మెషిన్ మార్కులే ఫైనల్ అని మీరే రాసిచ్చిండ్రు మేడం. ఇప్పుడు మార్చాలంటే తప్పెవరిదో రాసియ్యాలె. మెషిన్‌దని రాయండి, గొడవ వదిలిపోతది."

అలా రాస్తే ఎవరికీ నొప్పి లేదు. కంప్యూటర్ సారు కూడా ఏమీ అనుకునేవాడు కాదు. కానీ మెషిన్‌కు నవ్వడం రాదు. ఆ పిల్లను చూసి నవ్వింది నేను. తప్పు నాది అని రాసి సంతకం పెట్టాను.

ఆమె పాసైంది. ఆ కాగితం నా సర్వీసు ఫైల్లో ఉండిపోయింది. ఉండనీ.