ఉమైమా విన్న ఏడ్పు

బస్రాలో తమీమ్ తెగవాళ్ల పేటకు మంత్రసానులు కరువేమీ కాదు. అయితే చేతులు కడుక్కోకముందే గుమ్మంలోకి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పే అలవాటు ఉమైమా ఒక్కతిదే. ఆడా మగా, ఏడ్చిందా లేదా, తన చెయ్యి ఎక్కడైనా తప్పిందా, అన్నీ చెప్పేది. ఒకసారి మాయ పడకముందే తొందరపడి లాగానని బాలింత అత్తగారి ఎదుటే ఒప్పుకుంది. వాళ్లు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టి పంపేశారు. మూడేళ్లకు రెండో కాన్పు వచ్చినప్పుడు మళ్లీ ఆమెకే కబురు పెట్టారు.

భర్త మిహ్రాన్ ఖర్జూరపు పీచుతో తాళ్లు పేనేవాడు. పేనడం కన్నా మసీదులో కూర్చోవడం ఎక్కువ. ఆ రోజుల్లో మసీదులో స్తంభానికొక వాదం నడిచేది. పెద్ద పాపం చేసినవాడు విశ్వాసి కిందే లెక్కా కాదా అని ఒక స్తంభం దగ్గర. మనిషి చేసేదంతా అల్లా ముందే రాసిపెట్టాడా, మనిషి తాను ఎంచుకుని చేసేది కూడా ఉందా అని ఇంకో స్తంభం దగ్గర. ఎంపిక మనిషిదే అనేవాళ్లను ఖదరీలనేవారు. ఆ మాటను మెచ్చుకోలుగా ఎవరూ వాడేవారు కాదు.

మిహ్రాన్‌ది రాత పక్షం. ఒకరోజు అతను దొడ్డి తలుపు గడియ వెయ్యడం మరిచిపోతే, పొరుగింటి మేక వచ్చి కలిపిపెట్టిన రొట్టెపిండి కాస్తా మేసిపోయింది.

"అది అలా రాసి ఉంది" అన్నాడతను.

"మేకకు పిండి రాసి ఉంది, సరే. నీకు గడియ రాసి ఉంది, దాన్ని ఎందుకు వెయ్యలేదూ?" అంది ఉమైమా.

పక్కింటివాళ్లు ఈ ముక్కను మసీదు దాకా మోశారు. రెండు శుక్రవారాలు తిరిగేసరికి మంత్రసాని ఖదరీల్లో కలిసిందని పేట పేటంతా అనుకుంది. అనుకుంటే అనుకోనీ అని ఆమె ఊరుకుంది.

ఆ వేసవిలో ఖిదాష్ అనే ఆసామి జ్వరంతో పోయాడు. అతని భార్య జుమానాకు అప్పుడు తొమ్మిదో నెల. పుట్టబోయే బిడ్డ మీదే ఆమె బతుకు ఆధారపడి ఉంది. బిడ్డ ఒక్కసారి ఏడ్చి కన్నుమూసినా తండ్రికి వారసుడే. వాడి వాటాలోంచి తల్లికి వచ్చేదానితో, కాలువ గట్టున ఉన్న ఇల్లు ఆమెకు నిలుస్తుంది. ఏడవకుండా పుడితే ఇల్లు ఖిదాష్ అన్న హుబైష్‌కు పోతుంది. కాన్పు గదిలో సంగతులకు మంత్రసాని ఒక్కతి సాక్ష్యం చాలు.

నొప్పులు వచ్చిన రోజు తోడున్న ఆడమనిషి కాలువకు నీళ్లకు వెళ్లింది. అదే సమయానికి కాన్పు అయింది. మగపిల్లాడు. కెవ్వుమని ఒక్కసారి ఏడ్చాడు. ఆ వెంటనే జుమానాకు నెత్తురు కట్టలు తెంచుకుంది. ఉమైమా పిల్లవాణ్ని చాప మీద పడుకోబెట్టి, తల్లి పొత్తికడుపు మీద పిడికిలి బిగించి అదిమింది. నెత్తురు ఆగేదాకా ఆ పిడికిలి తియ్యలేదు. ఆగాక తిరిగి చూస్తే బిడ్డ నీలంగా ఉన్నాడు. వీపు రుద్దింది, నోట్లోకి గాలి ఊదింది. లాభం లేకపోయింది. స్పృహ తప్పిన జుమానా ఏదీ వినలేదు, చూడలేదు.

నెత్తుటి చేతులతోనే ఉమైమా గుమ్మంలోకి వచ్చింది. అక్కడ హుబైష్ నిలబడి ఉన్నాడు. "మగపిల్లాడు. ఏడ్చాడు. పోయాడు. తల్లి బతికింది" అని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే హుబైష్ ఉమైమా ఇంటికి వచ్చాడు. నిన్నటి మాట నిన్నటితో పోనిమ్మని మెల్లగా మొదలుపెట్టాడు.

"ఏడ్చాడంటే నీ చేతిలో పోయాడని అర్థం, ఉమైమమ్మా. రేపటి నుంచి నిన్ను గడప తొక్కనిచ్చేదెవరు? చచ్చి పుట్టాడని చెప్పు. అంతా రాత అనుకుంటారు. నీ పేరూ నిలుస్తుంది."

"మరి మీకేమిటి?"

"నాకు రావలసింది ఎలాగూ నాకొస్తుంది."

"వచ్చేది రాసే ఉంటే, నా దాకా ఎందుకొచ్చారు బాబూ?"

మూలన తాడు పేనుకుంటున్న మిహ్రాన్‌కు నవ్వు పొంగుకొచ్చింది, బలవంతాన మింగాడు. అయితే హుబైష్ వెళ్లిపోయాక మిహ్రాన్ తాడు పక్కన పడేసి లేచాడు. ఈ ఒక్కసారికి నోరు మూసుకోమని, మనమూ బతకాలి కదా అని బతిమాలాడు. "రాసి ఉంటే బతుకుతాంలే" అని ఉమైమా తలగుడ్డ సర్దుకుని సాక్ష్యం చెప్పడానికి బయల్దేరింది.

మసీదు ముంగిట్లో ఖాజీ తగువులు తీరుస్తున్నాడు. ఏడ్పు ఊసే ఎత్తలేదు హుబైష్. ఈ మనిషి రాతను కాదనే ఖదరీ అనీ, అలాంటివాళ్ల సాక్ష్యం చెల్లదనీ వాదించాడు. చుట్టూ ఉన్నవాళ్లలో సగంమంది తలలూపారు.

"మేక సంగతి నా దాకా వచ్చింది" అన్నాడు ఖాజీ. ఎవరో కిసుక్కుమన్నారు. "అది అలా ఉంచు. బిడ్డ ఏడ్చాడా?"

"ఏడ్చాడు. ఒక్కసారే. ఇదిగో, ఈయనకు గుమ్మంలోనే చెప్పాను."

"మరెలా పోయాడు?"

ఉమైమా చాప సంగతి, నెత్తురు సంగతి వరసగా చెప్పింది.

"ఆ చావు రాతా, నువ్వు చేసిందా?"

"చావు ఎవరు రాశారో స్తంభాల దగ్గర పెద్దలు తేలుస్తారు, ఖాజీగారూ. వాణ్ని చాప మీద పెట్టింది మాత్రం ఈ చేతులే. ఎవరి దగ్గరికి వెళ్లాలో నేనే ఎంచుకున్నాను. మళ్లీ ఆ గదిలోకి నన్ను పంపండి, మళ్లీ తల్లి దగ్గరికే వెళ్తాను."

ఖాజీ చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగాడు. అబద్ధమాడేదైతే తనకు కలిసొచ్చే అబద్ధమే ఆడేదనీ, చచ్చి పుట్టాడంటే ఈమెకు ఏ గొడవా ఉండేది కాదనీ అన్నాడు. తన మీద మాట పడుతుందని తెలిసి చెప్పిన సాక్ష్యాన్ని తాను తోసెయ్యలేనన్నాడు. ఆమె నమ్మకం సంగతి వేరే రోజు వేరేవాళ్లు చూసుకుంటారని చెప్పి, ఏడ్పు నిజమేనని తీర్పిచ్చాడు. కాలువ గట్టు ఇల్లు జుమానాకు నిలిచింది.

హుబైష్ చెప్పిందీ జరిగింది. చలికాలం వచ్చేదాకా ఉమైమాను పిలిచినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఖాళీ చేతులు ఊరుకోక ఆమె కూడా తాళ్లు పేనింది. అవి మిహ్రాన్ తాళ్లకన్నా గట్టిగా ఉన్నాయని బజారులో అన్నారు. ఇది కూడా రాసే ఉందా అని ఆమె అడిగితే అతను మాట మార్చాడు.

చలికాలం మధ్యలో, ఒకరోజు మధ్యాహ్నం, హుబైష్ ఇంటి నుంచే కబురొచ్చింది. కోడలికి రెండు రోజులుగా నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. పిలిచిన ఇద్దరు మంత్రసానులూ చేతులెత్తేశారు. ఉమైమా మారుమాట లేకుండా వెళ్లింది. పొద్దు వాలే వేళ అసర్ నమాజు పిలుపు వినిపించేసరికి బిడ్డను తిప్పి బయటికి తీసింది.

చేతులు కడుక్కోకుండానే గుమ్మంలోకి వచ్చింది. ఆరోజులాగే హుబైష్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఆడపిల్ల. ఏడ్చింది. తల్లి బాగుంది. తిప్పేటప్పుడు బిడ్డ ఎడమ భుజం నా చేతిలో నలిగింది, నెలకు సర్దుకుంటుంది." లోపలికి చెయ్యి చూపించింది. "విన్నారు కదా?"

లోపల పిల్ల ఇంకా గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. అతను తల దించుకున్నాడు.

"విన్నానమ్మా."

అప్పుడు ఆమె చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగింది.