పరాయి దేశం మాట మీద ఎత్తిన బోనం

ఆ ఎండాకాలం సరిహద్దులో కాల్పులు మొదలైన నాటికి అక్క మెదక్‌లో మా ఇంట్లోనే ఉంది. బావ జవాను. పోస్టింగ్ సరిహద్దు మీదే. నాలుగు రోజులుగా ఆయన ఫోన్ స్విచాఫ్. మామూలుగా వాళ్లిద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునే మనుషులు కాదు. ఆ నాలుగు రోజుల్లో మాత్రం అక్క ఫోన్ చేతిలోంచి దించలేదు.

నాకు పొలిటికల్ సైన్స్‌లో పీజీ ఉంది. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపూ ఉంది. రెండోది తిండి పెడుతుంది. మొదటిదానితో ఇంట్లో అవసరం పడింది ఆ వారమే.

ఐదో రోజు సాయంత్రం నా ఫోన్‌లో వార్త వచ్చింది. సముద్రాల అవతలి ఒక పెద్ద దేశం రెండు వైపులా తానే మాట్లాడానని, కాల్పులు ఆగిపోయాయని ప్రకటించింది. మన ప్రభుత్వం ఇంకా నోరు విప్పలేదు. నేను దానికోసం ఆగలేదు. షట్టర్ సగం దించి ఇంటికి పోయాను.

"అక్కా, లడాయి బందైందే."

కుట్టుమిషన్ ఆగింది. "ఎవలు చెప్పిండ్రు?"

"ఆ పెద్ద దేశపోళ్లు."

"గాళ్లకెట్ల ఎరుక?"

"గాళ్లే నడుమ కూసొని మాట్లాడిండ్రట."

లడాయి ఆగితే వీధి చివరి పోచమ్మకు బోనం ఎత్తుతానని అక్క మొక్కుకుందట. ఆ మాట అప్పుడే బయటపెట్టింది. మూడో దేశం ఎందుకు కలగజేసుకుంటుంది, దాని మాటకు బలం ఎంత అని పదిహేను మార్కుల ప్రశ్నకు రాయాల్సిన జవాబంతా చెప్పాను. అంతా విని అక్క ఒకటే అడిగింది.

"బియ్యం కడగాల్నా, వద్దా?"

"కడుగు," అన్నాను. విదేశాంగ వ్యవహారాల్లో ఇప్పటిదాకా నేనిచ్చిన సలహా అదొక్కటే.

బెల్లపన్నం వండి, కుండకు పసుపు రాసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టుకుని అక్క బయల్దేరింది. నేను వెనక. గుమ్మం దాటగానే పక్కింటి చాచా ఎదురయ్యాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. బస్తీలో ఎవరి గోడ ఎవరి జాగాలోకి జరిగినా పంచాయితీ తెంపేది ఆయనే. ఇద్దరూ ఒప్పుకునేదాకా ఏ ఇంట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టడు. ఎండాకాలమైనా సరే, తన సీసా తాను తెచ్చుకుంటాడు.

"ఏం బేటీ, అల్లుడు ఫోన్ చేసిండా?"

"లేదు చాచా. బందైందట గద."

"ఎవలన్నరు?"

నేను దేశం పేరు చెప్పాను.

"తెంపినోడు చెప్తే కాదు బేటా, కొట్లాడెటోళ్లు చెప్పాలె. ఒకసారి నేను గిట్లనే గోడ పంచాయితీ తెగిందని చెప్పొచ్చి పండుకున్న. తెల్లారి సూస్తే గోడ లేదు."

అక్క తల మీద కుండ ఉంది కాబట్టి తల ఊపలేదు. ముందుకు నడిచింది.

తిరిగొచ్చి ఇద్దరం బోనపన్నం పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. ఆగిన కాల్పులు మళ్లీ మొదలయ్యాయని కింద ఎర్ర అక్షరాలు పరిగెత్తుతున్నాయి. నా నోట్లో తీపి ముద్ద ఉంది. ప్రసాదం కాబట్టి ఉమ్మేయడానికి లేదు. మింగాను.

"తమ్మీ, తీర్చిన మొక్కు వాపస్ తీసుకోవచ్చునా?"

ఇది నా సిలబస్‌లో లేదు. "ఇంకోటి మొక్కుకో," అన్నాను.

"ఏం మొక్కాలె? ఉన్నది ఇచ్చేస్తిని."

ఏడవలేదు. కుండ కడిగి బోర్లించి, మిషన్ దగ్గర కూర్చుంది. నాకు భయం వేయాల్సింది. వేయలేదు. అన్నం ఇంకొంచెం పెట్టుకున్నాను.

మర్నాడు రాత్రికి కాల్పులు మళ్లీ ఆగాయన్నారు. ఆ రెండు రోజులూ టీవీలో పెద్దమనుషులు కాల్పులు ఆపింది ఎవరన్న దాని మీద కాల్చుకున్నారు. ఆ దేశం తానేనంటుంది. మనవాళ్లు మూడోవాడికి ఇందులో పనే లేదంటారు. రెండు వాదనలకూ నా దగ్గర నోట్సు ఉంది. అక్క తలెత్తి చూడలేదు. ఒక బ్లౌజుకు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టింది. విప్పింది. మళ్లీ అలాగే కుట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. అక్క స్పీకర్ పెట్టింది.

"మంచిగనే ఉన్న," అన్నాడు.

"తిన్నవా?"

"తిన్న. సెలవులైతే బంద్."

"ఎన్నటిదాంక?"

"ఎరుకలేదు. నిన్నటి సంది సప్పుడైతే లేదు. ఎవలో ఆపిండ్రంటున్నరు, ఎవలట? ఈడ మాకు టీవీ లేదు."

అక్క ఫోన్ నా వైపు జరిపింది. పీజీ చేసినవాణ్ని నేనే కదా.

"ఇంకా తేలలేదు బావా," అన్నాను. "మాట్లాడుతుండ్రు."

"సరే తియ్యి," అన్నాడు. లైన్ కట్టయింది.

అక్క ఫోన్ మళ్లీ తన చేతిలోకి తీసుకుంది.

"గొంతు ఆయనదేనా?"

"ఆయనదే."

"నాకు సుత గట్లనే అనిపించింది," అంది.