నీళ్ళు తాగే కోటు

కోటు కొనడానికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది అద్దాన్ని అడుగుతారు గానీ వానను అడగరు. అందుకే ఆ దుకాణంలో ఇరవై రెండేళ్ళుగా నిలబడి కోట్లు అమ్ముతున్న మగ్గు మామకు మనుషులంటే ఒళ్ళు మంట. చలికాలంలో రేవు నగరం చూసొద్దామని ముచ్చటపడి బయల్దేరతారు. అక్కడ వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. గొడుగు తెరిస్తే తిరగబడుతుంది. అదంతా విని తలూపి, మళ్ళీ దుకాణం ముందు వేలాడే ఉన్ని కోటు దగ్గరికే పోయి, "ఫొటోల్లో బాగుంటుంది కదండీ" అంటారు.

"ఎందుకు బాగుండదూ! రెండో రోజుకి తడిసిన బొంతని మోస్తూ దిగండి ఫొటోలు," అని ఆయన లోపల్లోపల తిట్టుకుంటాడు.

ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. కౌంటరు కింద ఒక ప్లాస్టిక్ మగ్గు, చిన్న తొట్టి, పాత వార్తాపత్రికలు ఉంటాయి. ఎవరైనా తేల్చుకోలేకపోతే తొట్టిలో కాగితం పరుస్తాడు. కోటు భుజం భాగాన్ని దాని మీద గుంటలా పట్టి, మగ్గుడు నీళ్ళు పోసి వంద లెక్కపెడతాడు. కాగితం తడిస్తే కోటు తప్పినట్టే. ఉన్ని కోటు ఏనాడూ ముప్పై దాటలేదు. దాంతో దాన్ని కొనేవాళ్ళు తగ్గిపోయారు. "ఇంకోసారి మగ్గు పైకి తీశావో, నువ్వూ మగ్గూ రోడ్డు మీదే!" అని యజమాని ఖరాఖండిగా చెప్పేశాడు. అప్పటినుంచి మామ నోరు మూసుకుని అమ్ముతున్నాడు. నోరు మూసుకున్నకొద్దీ కడుపులో మంట పెరిగింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన అక్క దుకాణంలోకి వచ్చింది.

ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆమెకు న్యుమోనియా వచ్చి ఆస్పత్రిలో ఊపిరి అందక కొట్టుకుంటున్నప్పుడు, "సాయంత్రానికల్లా వస్తానక్కా" అని ఫోన్లో మాటిచ్చినవాడు నాలుగో రోజున వెళ్ళాడు. దుకాణంలో తగ్గింపు అమ్మకాలు, సెలవివ్వలేదు అన్నాడు. "వీడి మాట నీటి మీద రాత" అని ఆమె పదిమంది ముందు అనేసింది. తప్పు తనదేనని ఆయనకూ తెలుసు. తెలిసినా పదిమందిలో అన్నదన్న రోషం పోలేదు.

"ఏమండీ, వానకి ఆగే కోటు చూపిస్తారా? మా అమ్మాయితో రేవు నగరం వెళ్తున్నాను," అంది, ఎవరో పరాయివాణ్ణి అడిగినట్టు. అంటూనే రెండుసార్లు దగ్గింది.

ఆ దగ్గుతో మామకు రోషం సగం దిగిపోయింది. ఏ కోటు ఇవ్వాలో ఆయనకు క్షణం పట్టలేదు. మూల కొక్కేనికి బూడిదరంగు కోటు ఉంది. తొడల దాకా వస్తుంది, కుట్లన్నిటికీ లోపల పట్టీ అతికించి ఉంటుంది, టోపీకి ముందు అంచు ఉంటుంది, లోపల దళసరి స్వెట్టరు పడుతుంది. వంద కాదు, మూడు వందలు లెక్కపెట్టినా చుక్క దిగదు.

కానీ ఆమె తన అక్క. ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషి. చిన్నప్పుడు "ఆ మెట్లు జారతాయే" అన్నందుకు అదే మెట్ల మీద పరుగెత్తి చేయి విరగ్గొట్టుకుంది. బూడిదరంగుది బాగుందని ఒక్క మాటంటే చాలు, చస్తే ముట్టుకోదు. అందుకని మామ తన తెలివికి తానే మురిసిపోతూ ఉన్ని కోటు తీసి ముందు పెట్టాడు.

"ఇది తీసుకో అక్కా. వానకి దీన్ని మించింది మా దగ్గర లేదు. అదిగో, ఆ బూడిదరంగుది ఉందే, దాని జోలికి మాత్రం పోకు."

ఇప్పుడు మూతి తిప్పుతుంది, ఇప్పుడు విసిరికొడుతుంది అని చూశాడు. ఆమె కోటు మీద చేయి వేసి చాలాసేపు నిమిరింది.

"డాక్టరు ఈసారి ఛాతీ తడిస్తే కష్టమన్నాడ్రా. అమ్మాయి ఇంకో దుకాణానికి పోదామంది, నేనే వినలేదు. ఎంత పోట్లాడుకున్నా, కోట్ల సంగతి నీకు తెలిసినట్టు ఎవడికి తెలుసు? నువ్వు చెప్పావు, నాకది చాలు. ఇదే కట్టించు."

పుట్టి బుద్ధెరిగాక మామ మాట ఆమె వినడం అదే మొదటిసారి. వినక వినక ఈ మాటే వినాలా! ఊరుకుంటే అక్క మళ్ళీ అక్క అవుతుంది, రేవు నగరంలో తడిసి ఆస్పత్రి పాలవుతుంది. నిజం చెబితే ఏమవుతుందో కూడా ఆయనకు తెలుసు. వంగి మగ్గు తీశాడు.

"ఏయ్!" అని యజమాని అరిచాడు. మామ ఉన్ని కోటు భుజం మీద నీళ్ళు పోసి పైకే లెక్కపెట్టాడు. ఇరవై ఆరు దగ్గర కాగితం నల్లబడింది.

అక్క కాగితాన్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది.

"దీన్నా నాకు అంటగట్టబోయావు?"

"అది కాదక్కా. నేను కొనమంటే నువ్వు కొనవని, అందుకని..."

"ఆస్పత్రికి ఎందుకు రాలేదో కూడా ఇలాగే చెప్పావు."

ఆమె బిల్లు రాసే అమ్మాయి వైపు తిరిగింది. "ఆ బూడిదరంగుది ఇవ్వమ్మా."

"దానికీ నీళ్ళు పోసి చూపిస్తాను, ఒక్క నిమిషం," అన్నాడు మామ.

"అక్కర్లేదండీ. మీరు వద్దన్నారుగా, మంచిదే అయ్యుంటుంది."

బయట వాన మొదలైంది. ఆమె కోటు అక్కడే తొడుక్కుని, టోపీ లాక్కుని, ఇటు చూడకుండా వెళ్ళిపోయింది. యజమాని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. మామకు ఒక్క ముక్కా వినబడలేదు. మగ్గు చేత్తో పట్టుకునే, ఆమె మలుపు తిరిగేదాకా దుకాణం ముందు అద్దంలోంచి ఆ కోటు భుజాలనే చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళు జారిపోతున్నాయి, ఒక్క చుక్కా లోపలికి దిగడం లేదు.