ముద్ర పడని మూడు రోజులు

అబ్దుల్ హమీద్ కేతేపల్లి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. ఆ చదువుతోనే నల్లగొండలోని ఒక పెద్ద సర్కారు దఫ్తరులో పందొమ్మిదేళ్లు తపాలు చూశాడు. రోజుకు రెండు వందల కాగితాలకు తక్కువ వచ్చేవి కావు. ఒక్కటంటే ఒక్కటి పోలేదు. కప్పు కారిన ఏడాది రిజిస్టర్లన్నీ తన దుప్పట్లో చుట్టి కాపాడాడు. బీఏలు చదివినవాళ్లు పాత ఫైలు దొరకక తిప్పలు పడుతుంటే నంబరు నోటితో చెప్పేవాడు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు, అక్కడ పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

ఆ దఫ్తరులో ఒక పద్ధతి ఉండేది. వచ్చిన తపాలంతా ముందు పెద్దసారు చూసి పొట్టి సంతకం చేయాలి. ఆ తర్వాతే హమీద్ నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టాలి. పెద్దసారు క్యాంపుకు పోతే కాగితాలు అట్టల నడుమ అలాగే పడి ఉండేవి. చేతికి తెచ్చి ఇచ్చినవాళ్లు అడిగితే మాత్రం, వాళ్ల నకలు మీద అందినట్టు హమీద్ తేదీ వేసి రాసివ్వవచ్చు.

1988 జూన్ పద్నాలుగున గోపమ్మ దరఖాస్తు తెచ్చింది. ఆమె పెనిమిటి బీరన్న అక్కడే వాచ్‌మన్‌గా చేస్తూ చనిపోయాడు. ఏడాదిలోపు అడిగితే ఆమెకు నౌకరీ ఇస్తారు. మర్నాటితో గడువు ఆఖరు. పెద్దసారేమో మహబూబ్‌నగర్ క్యాంపులో ఉన్నాడు.

“సారూ, అందిందని జర రాసియ్యరాదుండ్రి,” అని నకలు ముందుకు జరిపింది.

“నేనుండంగ రాతెందుకమ్మా? నా చేతికొచ్చిన కాగితం ఎన్నడన్న పోయిందా? ఫికర్ చెయ్యకు, పో.”

పెద్దసారు తిరిగి వచ్చాక పదిహేడున ముద్ర పడింది. రెండు రోజులు ఆలస్యమని దరఖాస్తు తిప్పికొట్టారు.

గోపమ్మ మళ్లీ వచ్చి బల్ల ముందు నిలబడింది. “మీరన్నట్టే కాగితం పోలె సారూ. నౌకరే పోయింది.”

పక్కనున్న అటెండర్ జానయ్య అందుకున్నాడు. “పోస్టుల వస్తె కవరు మీద వాళ్ల ముద్రన్న ఉండేది. గిప్పుడు సాక్షెవరు సాబ్?”

“నేనే,” అని హమీద్ లేచి సూపరింటెండెంటు రామచంద్రయ్య దగ్గరికి వెళ్లాడు.

“రాసిస్తె పైకి పంపుత హమీద్ భాయ్. గానీ మెమో వస్తది. రెండేండ్లల్ల దిగిపోతవు, నీ సర్వీసు బుక్కుల ఒక్క మరక లేదు. సోంచాయించు.”

“సోంచాయించుడు గా దినమే ఉండె. తెల్లకాగితమియ్యుండ్రి.”

పద్నాలుగునే తనకు దరఖాస్తు అందిందని, రాసివ్వమని అడిగితే ఇవ్వలేదని, తప్పు తనదేనని రాశాడు. క్యాంపు ఊసెత్తలేదు. ఒకసారి చదువుకుని సంతకం పెట్టాడు.

నాలుగు నెలలకు హైదరాబాదు నుంచి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి గోపమ్మకు నౌకరీ ఉత్తర్వు, రెండోది హమీద్‌కు మెమో. పెద్దసారు చూసి పంపాక హమీద్ రెండింటికీ వరుసగా నంబర్లు వేశాడు.

“మీ మెమోకు మీరే నంబరేస్తున్నరా సాబ్?” అన్నాడు జానయ్య.

“తపాలు ఎవ్వలిదని చూస్తమా జానయ్యా?”

సోమవారం గోపమ్మ డ్యూటీలో చేరుతున్నట్టు రాసిన కాగితం తెచ్చింది. ఆమె నోరు తెరవకముందే హమీద్ నకలు తీసుకుని, అందినట్టు రాసి, తేదీ వేసి ఆమె చేతికిచ్చాడు. ఆ తర్వాతే అసలు కాగితం విప్పి చదివాడు.